ఏ ఊరి లెక్కలోనూ లేని ఇల్లు

మధ్యిల్లు,
జూన్ రెండో వారం

అత్తయ్యకు,

ఉన్నదున్నట్టు రాయమన్నారు. విశేషణాలు వద్దన్నారు. అలాగే రాస్తున్నాను.

మంగళవారం పొద్దున మీ అమ్మాయే ముందు లేచింది. తల పోటుగా ఉందంది. టీ నేను పెట్టాను. సగం తాగి గ్లాసు కిటికీలో పెట్టింది. గుడ్లు వేయించి, రొట్టెల్లో పెట్టి, ఇద్దరి డబ్బాలూ సర్దాను.

"కెమిస్టు గారూ, ఉప్పు కొలిచి వేశారా, చూసి వేశారా?" అంది.

"చూసి వేశాను."

"అయితే నీళ్ల సీసా పెద్దది తీసుకెళ్లాలి."

ఆ తర్వాత "తాళం నా దగ్గరుంది" అంది. నాతో అన్న ఆఖరి మాట అదే.

తన బస్సు మా ఇంటి వైపు ఆగుతుంది. నాది రోడ్డుకి అవతల. తన బస్సు ముందొచ్చింది. కిటికీ పక్కన కూర్చుని తల అద్దానికి ఆనించింది. రోజూ చెయ్యి ఊపేది, ఆ రోజు ఊపలేదు. నన్ను చూడలేదనుకున్నాను.

ల్యాబ్‌లో జరిగింది తన పక్క బల్ల ఆవిడ చెప్పింది. ఒక ముసలాయన కట్టుడు పళ్ల సెట్టుకి మైనం అచ్చు చేస్తూ మధ్యలో ఆగి, కళ్లు మూసుకుని కూర్చుందట. తర్వాత వాంతి అయింది. యజమాని ఇంటికి వెళ్లమన్నాడు. ఆవిడే బస్సెక్కించింది. తోడు వస్తానంటే వద్దందట.

బస్సు దిగేసరికి నడవలేకపోయింది. మా ఎదుటి పంక్చరు షాపాయన, మేము గాలి మాస్టారు అనే ఆయన, చూసి పరిగెత్తాడు. తాళం ఆయనకిచ్చి తియ్యమంది. ముందు గదిలో బల్ల మీద పడుకుంది. నీళ్లిస్తే గ్లాసు పట్టుకోలేకపోయింది. మాస్టారు నాకు ఫోన్ చేశాడు. నేను నీళ్ల ప్లాంటు నుంచి బయలుదేరి ఇంటికి వచ్చేసరికి తలుపు తీసి ఉంది, లోపల ఎవరూ లేరు. కూరగాయల వ్యానులో తన ల్యాబ్ ఉన్న ఊరి ఆస్పత్రికి తీసుకెళ్లారని షాపులో చెప్పారు. అక్కడికి వెళ్లాను.

మెదడులో నరం చిట్లిందన్నారు. కళ్లు తెరవలేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. గోళ్ల చివర మైనం ఉంది. చీకటి పడకముందే పోయింది.

బాధపడిందా అని అడిగారు. ఆస్పత్రికి వచ్చాక లేదు. అంతకుముందు సంగతి నాకు తెలియదు.

మీ తుంటి ఎముక ఎలా ఉంది? లేవకండి.

అల్లుడు



చెల్లెలి ఇల్లు, పై గది,
జూన్ చివర

చిరంజీవి అల్లుడికి,

ఆ మొదటి మాట రాయడానికి చెయ్యి ఆగింది. అయినా రాశాను. ఇంకెలా మొదలుపెట్టాలో నాకు రాదు.

ఎముక అతుక్కుంటోంది. కర్ర పట్టుకుని కిటికీ దాకా నడుస్తున్నాను. నా చెవులు పోయాక మా చెల్లెలు నాతో మాట్లాడితే వీధంతా వింటోంది. నేను ఏ మాత్ర మింగానో, ఎన్నిసార్లు లేచానో ఎదురింటివాళ్లకి కూడా తెలుసు. నువ్వు ఫోన్ చెయ్యకుండా ఉత్తరాలు రాయడమే నయం. ఇందులో అరుపులు లేవు.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. అడిగినట్టే రాశావు. సంతోషం అనకూడదు కానీ, ఇంకో మాట దొరకలేదు.

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ కోర్టులో స్టెనోని. సాక్షి అబద్ధం ఆడితే నాకు తెలిసేది కాదు. కానీ ఏదైనా దాటేస్తే తెలిసేది. ఒక వాక్యానికీ ఇంకో వాక్యానికీ మధ్య అతని గొంతు చిన్న గెంతు వేసేది. నీ ఉత్తరంలోనూ ఒక గెంతు ఉంది. మాస్టారు నీకు ఫోన్ చేశాడు. ఆ వెంటనే కూరగాయల వ్యాను వచ్చింది. నా బుల్లిని ఉల్లిపాయ బస్తాల మధ్య పడుకోబెట్టి ఎందుకు తీసుకెళ్లారు? అంబులెన్సు ఏమైంది?

నువ్వు నన్ను కాపాడనక్కర్లేదు. రాయి.

అత్త



మధ్యిల్లు,
జూలై

అత్తయ్యకు,

అంబులెన్సుకి మాస్టారు ఫోన్ చేశాడు. ఎత్తిన అమ్మాయి ఇల్లెక్కడ అని అడిగింది. సరిహద్దు రాయి పక్కన అన్నాడు. ఆ రాయికి ఇటు నా ప్లాంటు ఊరు, అటు తన ల్యాబ్ ఊరు. ప్రతి ఊరికీ ఒక్కొక్క బండి. ఆ అమ్మాయి ముందు ప్లాంటు ఊరి బండివాళ్లకి చెప్పింది. వాళ్లు అది మా హద్దు కాదన్నారు. ల్యాబ్ ఊరి వాళ్లని అడిగితే వాళ్లూ అదే మాటన్నారు. మళ్లీ మొదటివాళ్లకి చేసింది. మాస్టారు రెండోసారి ఫోన్ చేసేసరికి, పై అధికారిని అడుగుతున్నామండీ, లైనులో ఉండండి అందట. ఆయన లైనులో ఉండలేదు. రోడ్డుకి అడ్డంగా నిలబడి, వచ్చిన వ్యాను ఆపాడు.

ఆలస్యం అయింది. ముందే వచ్చి ఉంటే బతికేదా అని డాక్టరుని అడిగాను. చెప్పలేమన్నాడు. అవునని అనలేదు, కాదనీ అనలేదు.

డ్యూటీకి వెళ్తున్నాను. నీళ్ల నమూనాలు తీసి, పరీక్ష చేసి, కాగితం మీద సంతకం పెడతాను. చేతులకి పని తెలుసు కాబట్టి జరిగిపోతోంది. ఇంటికొచ్చాక మాస్టారు అరుగు మీద వచ్చి కూర్చుంటాడు. మాట్లాడడు. నిన్న మాత్రం, "మీ సైకిలు ముందు చక్రంలో గాలి తగ్గింది, పట్టేశాను" అన్నాడు. నేను సైకిలు తొక్కి చాలాకాలమైంది.

అల్లుడు



చెల్లెలి ఇల్లు, పై గది,
జూలై చివర

చిరంజీవి అల్లుడికి,

ఫిర్యాదు పంపించాను. అంబులెన్సులు చూసే ఆఫీసుకి ఒకటి, వాళ్ల పైవాళ్లకి ఒకటి. నా ఇంగ్లీషు ఇంకా తుప్పు పట్టలేదు. ఇరవై వాక్యాల్లో చెప్పాల్సింది ఆరింట్లో చెప్పాను. రాయికి అటా ఇటా అని మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చున్న ఆ ఫోను పిల్ల ఇంక ఆ కుర్చీలో కూర్చోకూడదు. నాకు కావలసింది అదొక్కటే. విచారణ పెడతామని జవాబొచ్చింది. నీకూ పిలుపు వస్తుంది.

ఇక రెండో సంగతి. నువ్వు ఇంకా ఆ ఇంట్లోనే ఎందుకున్నావు? మీరు ఇల్లు వెతుక్కున్న తీరు తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లోకంలో మొగుడూ పెళ్లాలు ఇల్లు చూసుకునేటప్పుడు బావి ఉందా, గాలి వస్తుందా, పక్కింటివాళ్లు మంచివాళ్లా అని చూస్తారు. మీరిద్దరూ మీ మీ పనిచోట్ల నుంచి ఒకే వేళకి సైకిళ్ల మీద బయలుదేరి, ఎక్కడ ఎదురుపడితే అక్కడ కాపురం పెడతామన్నారు. ఎదురుపడ్డది పంక్చరు షాపు ముందు. అది అదృష్టం అనుకోవాలి, గేదెల పాక ముందు ఎదురుపడి ఉంటే ఏం చేసేవాళ్లో.

ఒకరి ఉద్యోగం కోసం ఇంకొకరు తగ్గకూడదు, ఒకరి కంటే ఇంకొకరు ఎక్కువ తిరగకూడదు. న్యాయమే. కానీ ఇల్లంటే ఒళ్లు వాల్చుకునే చోటు. మీది బస్టాపు.

ప్లాంటు క్వార్టరు ఇస్తారుగా. అందులోకి మారు. ఉత్తరం పైన ఆ ఇంటి పేరు కూడా ఇంక రాయకు. చూడలేకపోతున్నాను.

అత్త



ఇల్లు,
ఆగస్టు

అత్తయ్యకు,

మీరు చెప్పినట్టే పేరు మార్చాను.

క్వార్టరు ఇస్తారు. ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయింది. ఆ పోస్టులో ఉన్నవాడు ప్లాంటు గేటు లోపలే ఉండాలి. ఏ వేళప్పుడు నీళ్లు రంగు మారినా లేచి వెళ్లాలి కాబట్టి. సూపరింటెండెంటు గారు నిన్న గదిలోకి పిలిచారు.

"ఏమయ్యా, పోయినసారి అడిగితే కుదరదన్నావు. ఇప్పుడైనా ఒప్పుకుంటావా?" అన్నారు. అని, తనే నాలిక కరుచుకున్నారు. "నా ఉద్దేశం అది కాదు" అన్నారు.

"తెలుసండి. ఆలోచించి చెప్తాను" అన్నాను.

పోయినసారి అంటే నిరుడు. మీకు తెలియదు. తనకీ తెలియదు. చెబితే తను ల్యాబ్ మానేసి క్వార్టరుకి వచ్చేసేది. వచ్చి నవ్వుతూనే ఉండేది. ఆ నవ్వు నాకు వద్దనిపించింది. తన పనిలో తను ఎంత మునిగేదో మీకు తెలుసుగా. బస్సులో ఎదురు సీటు మనిషి నవ్వితే, "ఆయన పళ్లది ఏ-త్రీ రంగు. సిగరెట్లు మానేస్తే ఏ-టూ అవుతుంది" అని నా చెవిలో చెప్పేది. మా పెళ్లి ఫొటోలో మీ పళ్లకి బీ-వన్ మార్కు ఇచ్చింది. అది మంచి మార్కే, కంగారుపడకండి.

బస్టాపు అన్నారు. నిజమే. సాయంత్రం ముందు దిగినవాళ్లు పొయ్యి వెలిగించాలి. రెండోవాళ్లు వచ్చేదాకా ఏం వండాలో ఆలోచన రాదు. ఎక్కువ రోజులు ఒక్క గిన్నెలోనే అన్నీ వేసి ఉడికించి, ఆ గిన్నె మధ్యలో పెట్టుకుని తినేవాళ్లం. తింటూ తింటూ ఎవరో ఒకరు నిద్రపోయేవాళ్లం. కుర్చీలు కొనాలని అనుకుంటూనే ఉన్నాం. కొనలేదు. వచ్చినవాళ్లని కూర్చోబెట్టడానికి ఆ ఒక్క బల్లే.

సుఖమైన ఇల్లని అనను. కానీ ఇద్దరం దిగే బస్టాపు అదొక్కటే.

ఫిర్యాదు ఇచ్చేముందు నాకు ఒకమాట రాసి ఉండాల్సింది. విచారణకి పిలుపొచ్చింది. తేదీ ఇంకా వెయ్యలేదు. ఆ ఫోన్ అమ్మాయిని అప్పుడే డ్యూటీ నుంచి తీసి పక్కన కూర్చోబెట్టారట. ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి వీలవుతుందేమో చూడండి.

అల్లుడు



చెల్లెలి ఇల్లు, పై గది,
సెప్టెంబరు

చిరంజీవి అల్లుడికి,

వెనక్కి తీసుకోను. ఎందుకు తీసుకోవాలో నువ్వు రాయలేదు. మళ్లీ గెంతు వేశావు.

నిరుడు క్వార్టరు సంగతి దానితో చెప్పలేదన్నావు. చదివాక అన్నం సహించలేదు. మా చెల్లెలు వచ్చి, ఏమైందని వీధికంతటికీ వినపడేలా అడిగింది. ఏం లేదన్నాను.

ఇది నీకు చెప్పనని దానికి మాటిచ్చాను. ఇప్పుడు ఎవరికిచ్చిన మాట ఎవరి కోసం నిలబెట్టుకోవాలి?

వేసవికి ముందు నా దగ్గరికి వచ్చి మూడు రోజులుంది కదా. ఆ మూడు రోజులూ నిద్రపోయింది. భోజనానికి మా చెల్లెలు లేపితే, "ఇక్కడే దిగాలా?" అందట. కల్లో కూడా బస్సులోనే ఉంది. ఆఖరి రోజు నా మంచం మీద కూర్చుని పలక మీద రాసి మాట్లాడింది. దాని మాటలు అవే ఇస్తున్నాను, రాసుకోవడం నా వృత్తి కాబట్టి మరిచిపోలేదు.

"అమ్మా, నడుం పోతోంది. ల్యాబ్ మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి, నీకైతే ఇస్తామన్నారు. కింద పని, పైన ఇల్లు. నాకు ఎంత ఆశగా ఉందో."

"అల్లుడితో చెప్పు" అన్నాను.

"చెబితే వచ్చేస్తాడు. రోజూ రెండింతలు బస్సులో కూర్చుంటాడు, లేకపోతే ప్లాంటే మానేస్తాడు. నోరెత్తడు. అదే వద్దు. ఆ మధ్యిల్లు ఉన్నన్నాళ్లూ నేను ఆయనకి బాకీ లేను, ఆయన నాకు బాకీ లేడు."

"కాపురంలో బాకీలేమిటే?" అన్నాను. నవ్వి పలక తుడిచేసింది.

నిన్ను బాధపెట్టాలని రాయలేదు. లేదు, కొంచెం అందుకే రాశాను. నేనొక్కదాన్నే ఇది పెట్టుకుని పడుకోలేకపోతున్నాను.

అత్త



ఇల్లు,
అక్టోబరు

అత్తయ్యకు,

మీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేకపోయాను.

పోయిన ఆదివారం ల్యాబ్ మేడ మీదికి వెళ్లి ఆ గదులు చూశాను. ఇంకా ఖాళీగానే ఉన్నాయి. తూర్పు వైపు రెండు కిటికీలు. గోడకి అలమర. నేను అక్కడి నుంచి ప్లాంటుకి వెళ్లగలిగేవాణ్ణే. అలిసిపోయేవాణ్ణి, అంతే. తను అడగలేదు. నాకు తోచలేదు. ఆ కిటికీల దగ్గర కొంతసేపు నిలబడి కిందికి వచ్చేశాను. దీని గురించి ఇంక రాయలేను.

గెంతు వేశానన్నారు. ఇప్పుడు వెయ్యను.

మొన్న సెలవు రోజు మధ్యాహ్నం మాస్టారి షాపు ముందు ఒక మోటారు సైకిలు ఆగింది. ఒక అమ్మాయి దిగింది. నడిపే అతను బండి మీదే ఉండిపోయాడు, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని. అమ్మాయి రోడ్డు దాటి వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. ముప్పై లోపే ఉంటుంది. ఎవరు కావాలమ్మా అన్నాను.

"ఆ రోజు ఫోన్ ఎత్తింది నేనేనండి" అంది.

లోపలికి రమ్మన్నాను. రాలేదు. గుమ్మం పక్కన సరిహద్దు రాయి ఉంది కదా, దాని వైపు చూసింది. తర్వాత ఇంటిని చూసింది, రోడ్డుని చూసింది.

"ఇంత రోడ్డు మీదే ఉందాండీ. నేను ఎక్కడో పొలాల్లో అనుకున్నాను. దారి తెలియక వాళ్లు రామంటున్నారేమో అనుకున్నాను."

నేను లోపలి నుంచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.

"ఉద్యోగం కోసం మిమ్మల్ని అడగడానికి రాలేదండి. మా ఆయన కూడా అదే అన్నారు, వెళ్తే అలా అనుకుంటారు, వద్దని. నేను ఇల్లు చూడాలనుకున్నాను. అంతే. పడుకుంటే నాకు ఇల్లు కనపడుతోంది, కానీ ఏ ఇల్లో తెలియదు."

"ఆయన ఏం చేస్తారు?"

"హాస్టల్లో వంట. వాళ్ల ఊళ్లో ఆయనకి సొంత హోటలు ఉండేదండి. నాకు ఇక్కడ ఈ ఉద్యోగం వచ్చిందని మూసేసి వచ్చారు."

వెళ్లేముందు ఒక్క ప్రశ్న అడిగింది. "నేను మూడుసార్లు అడిగానండి, ఏ ఊరి లెక్కలో ఉంది, ఇంటి నంబరు ఎంత అని. ఫోన్ చేసినాయన ఏమీ చెప్పలేకపోయారు. ఎందుకండీ?"

జవాబు నాకు తెలుసు. ఆ అమ్మాయికి చెప్పలేదు. మీకు చెప్తున్నాను.

ఇంటికి నంబరు లేదు. మేము కాపురం పెట్టిన కొత్తలో ఇళ్ల లెక్క రాసే ఆయన ప్లాంటు ఊరి నుంచి వచ్చాడు. ఇంటి ఓనరు, ఏ ఊళ్లో రాయించుకుంటారో మీ ఇష్టం, రెండూ కుదురుతాయి అన్నాడు. తను, "అమ్మో, ఆ ఊరి లెక్కలో పడితే నేను మీ ఊరి కోడల్ని అయిపోతాను" అంది. ఆయన్ని టీ ఇచ్చి పంపేశాం. తర్వాత ల్యాబ్ ఊరి నుంచి ఇంకొకాయన వచ్చాడు. "ఇల్లరికం రానండీ" అన్నాను నేను. ఆయన కూడా నవ్వి, రాయకుండానే వెళ్లిపోయాడు. నీళ్ల కుళాయి నా ఊరిది, కరెంటు మీటరు తన ఊరిది. అది మాకు గొప్పగా ఉండేది. వచ్చినవాళ్లకి చూపించి నవ్వేవాళ్లం. మమ్మల్ని చూసి మాస్టారు కూడా ఎవరడిగినా మధ్యిల్లనే చెప్పేవాడు. ఆయనకి ఇంకో పేరు మేము నేర్పలేదు.

ఒక ఊళ్లో రాయించుకుని ఉంటే ఆ ఊరి బండి వచ్చేది. కాదనడానికి వాళ్లకి వీలుండేది కాదు.

రెండు బండ్లవాళ్లూ రామన్నది నిజం. విచారణలో అదీ చెప్తాను. కానీ ఆ అమ్మాయి అడగాల్సింది అడిగింది. జవాబు లేని ఇల్లు మాది.

అల్లుడు



చెల్లెలి ఇల్లు, పై గది,
నవంబరు

అల్లుడికి,

చదివాను.

అంటే విచారణలో నిలబడి, తప్పు నా బుల్లిదని చెప్తావు. నీది కూడా అని కలుపుతావు. నీకది సమానంగా ఉంటుంది కాబట్టి తృప్తిగా ఉంటుంది. కానీ నువ్వు బతికే ఉన్నావు. నీ మీద ఎవడో ఒక మాట రాసుకుంటే నువ్వు రేపు ఇంకో మాట చెప్పి దాన్ని దిద్దుకోగలవు. నా బుల్లి చెప్పుకోలేదు. ఆఫీసు కాగితంలో దాని గురించి ఉండబోయే ఒకే ఒక్క వాక్యం ఏమిటో తెలుసా? మృతురాలు, ఆమె భర్త నిర్లక్ష్యం వల్ల ఇంటి నంబరు నమోదు కాలేదు. నేను ఉద్యోగమంతా అలాంటి వాక్యాలు టైపు చేశాను. ఆ మనుషులు నవ్వేవాళ్లని, గిన్నె మధ్యలో పెట్టుకుని తినేవాళ్లని ఒక్క వాక్యంలోనూ ఉండేది కాదు.

ఆ పిల్ల మీద నీకు జాలి కలిగింది. హెల్మెట్ ఒళ్లో పెట్టుకున్న మొగుణ్ణి చూసి కలిగింది. నాకు కలగదు. అంత చోటు లేదు.

నువ్వు అబద్ధం చెప్పనక్కర్లేదు. వెళ్లకుండా ఉంటే చాలు. ఒంట్లో బాగా లేదని రాసి పంపు. మాస్టారి వాఙ్మూలం, నా ఫిర్యాదు ఉన్నాయి. వాటితో వాళ్లే తేల్చుకుంటారు.

వెళ్తే మాత్రం నాకు ఇంక రాయకు. నాకు చెవులు లేవు. దాని గురించి నాతో మాట్లాడగలిగేది నీ ఉత్తరం ఒక్కటే. అది తెలిసే ఈ మాట రాస్తున్నాను.

అత్త



ఇల్లు,
నవంబరు చివర

అత్తయ్యకు,

వెళ్తే రాయవద్దన్నారు. ఇంకా వెళ్లలేదు కాబట్టి ఈ ఉత్తరం రాయవచ్చు.

మీరన్న ఆ ఒక్క వాక్యం గురించి వారం రోజులు ఆలోచించాను. అది అలాగే ఉంటుంది. దాన్ని నేను మార్చలేను. ఆ మాటకొస్తే, నేను వెళ్లకపోయినా ఒక వాక్యం ఉంటుంది. అందులో ఆ అమ్మాయి ఉంటుంది. అదీ దిద్దుకోలేని వాక్యమే. ఇంకొకళ్ల ఇంట్లో ఉంటుంది, అంతే తేడా.

ఒంట్లో బాగా లేదని రాయడానికి కాగితం ముందు పెట్టుకున్నాను కూడా. తేదీ వేశాను. తను ఉంటే ఏం చేసేదో అని ఆలోచించలేదు. అలా ఆలోచిస్తే నాకు కావలసిన జవాబే తన నోట పెడతాను. నేనేం చెయ్యగలనో మాత్రం చూశాను. వెళ్లకుండా ఇంట్లో కూర్చోవడం నా చేత కాలేదు.

జాలి అన్నారు. కొంత ఉంది. దానికంటే ఎక్కువ ఇంకోటి ఉంది. మా ఇద్దరి మధ్య నిర్ణయించుకున్నదేదీ వేరే ఎవరూ మొయ్యలేదు, ఇన్నాళ్లూ. బస్సులు మేమే ఎక్కాం, అలసట మేమే పడ్డాం. తన నడుం నొప్పి నాకు చెప్పకుండా తనే మోసింది. ఇదొక్కటి తీసుకెళ్లి దారిన పోయే ఆ పిల్ల నెత్తిన పెట్టలేను.

ప్లాంటులో ఇన్‌ఛార్జి పోస్టు వద్దని చెప్పేశాను. "పిచ్చివాడివయ్యా, ఇప్పుడు నిన్ను ఆ ఇంట్లో పట్టి ఉంచేది ఏముంది?" అన్నారు సూపరింటెండెంటు గారు. ఆయన మంచివారు. మీరూ అదే అడుగుతారు. ఏమీ లేదు. కానీ తను పోవడం వల్ల వచ్చిన సుఖంలో నాకు నిద్ర పట్టదు.

మీరు ఇక జవాబు రాయకపోవచ్చు. రాయకపోతే మీకు కోపం తగ్గలేదని అనుకుంటాను. ఒంట్లో బాగా లేదేమో అని కూడా అనుకుంటాను. అందుకని మీ చెల్లెలిగారికి విడిగా ఒక కార్డు వేస్తున్నాను. మీరు నడుస్తున్నారో లేదో మాత్రం ఆవిణ్ణి రాయమన్నాను. అది మీకు ఉత్తరం రాసినట్టు కాదు.

విచారణ రేపు. ల్యాబ్ ఊరి ఆఫీసులో. పొద్దున మొదటి బస్సుకి వెళ్తాను. ఫోన్ ఎత్తిన అమ్మాయి మూడుసార్లు అడిగిందని చెప్తాను. రెండు బండ్లవాళ్లూ రామన్నారని చెప్తాను. ఇంటికి నంబరు ఎందుకు లేదని అడుగుతారు. రాయించుకోలేదని చెప్తాను. ఎవరు రాయించుకోలేదని అడిగితే, ముందు నా పేరు చెప్తాను. తర్వాత తన పేరు చెప్తాను.

అల్లుడు